ఆగింది బస్సు కాదు

ఆ రోజు పొద్దున మైకక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. పెద్దసారు తనిఖీకి వచ్చేలోగా తన అక్కతో ఫోనులో మాట్లాడి, నెలల తరబడి గొంతుకు అడ్డంపడి ఉన్న ప్రశ్నలు అడిగేయాలి. అడిగి, జవాబులు విని, ముఖం కడుక్కుని, తనిఖీకి సిద్ధంగా కూర్చోవాలి. ఇంతకంటే సులువైన పని ఇంకేముంటుంది?

మైకక్క అన్నది ఆమెకు బస్టాండు పెట్టిన పేరు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎప్పుడు కదులుతుందో మైకులో చెప్పే గొంతు ఆమెది. పెళ్ళయిన కొత్తలో ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఇప్పటిదాకా లేవలేదు. డ్రైవర్లు, కండక్టర్లు, టీ కొట్టాయన, ఆఖరికి ఆమెకంటే పెద్దవాడైన బస్టాండు కంట్రోలరు కూడా అక్కా అనే పిలుస్తారు. అసలు పేరు జీతం వచ్చినప్పుడు తప్ప ఎవరికీ అవసరం పడదు.

ఆ ప్రశ్నలు ఇంట్లో అడగడానికి వీల్లేదు. ఉన్నవి రెండు గదులు. ఒకదాంట్లో అత్తగారు. ఆవిడకు టీవీ ఎంత పెంచినా వినపడదు గానీ, కోడలు ఫోనులో గుసగుసలాడితే మాత్రం పక్కవీధిలో ఉన్నా వినపడుతుంది. రెండో గదిలో మొగుడూ, ఉద్యోగం వెతుక్కుంటున్న కొడుకూ. స్నానాల గది తలుపేసుకుంటే నిమిషం తిరక్కుండా ఎవరో ఒకరు తలుపు తడతారు. ఈ ప్రపంచంలో మైకక్క కోసం గట్టిగా మూసుకునే తలుపు ఒక్కటే ఉంది. అది ప్రకటనల గది తలుపు.

బస్సుల రొద మైకులో పడకుండా ఆ గదికి రెండు పొరల అద్దాలు బిగించారు. తలుపు అంచులకు రబ్బరు పట్టీ అంటించారు. గడియ పెట్టుకుని కూర్చుంటే బయట పిడుగు పడినా లోపలికి వినపడదు. ఊరు మొత్తం మీద అంత గుట్టయిన చోటు ఇంకోటి లేదు. ఆ గదే బస్టాండులోని లౌడుస్పీకర్లన్నిటికీ పుట్టిల్లు కూడా అన్న సంగతి ఆమెకు తెలియక కాదు. రోజూ చూసే మొగుడి ముఖంలో మీసం తీసేసినా కనిపెట్టలేనట్టే, ఆ సంగతీ ఆమెకు కంటికి ఆనడం మానేసింది.

ఏడాదిగా ఆమె ఒంట్లో ఏదో తిరగబడుతోంది. పొద్దున్నే వేళ్ళ కణుపులు పట్టేస్తాయి. ఉన్నట్టుండి ఛాతీలోంచి సెగ పుట్టి, మెడ మీదుగా నడినెత్తికి ఎక్కుతుంది. అర్ధరాత్రి బట్టలు తడిసిపోయి మెలకువ వస్తుంది. ఇవన్నీ ఎలాగో ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఇంకొకటి వచ్చిపడింది. మాటలు జారిపోతున్నాయి. నాలుక చివర ఉన్న మాట నాలుక చివరే కూర్చుని, బయటికి రానని మొండికేస్తుంది.

మొన్నటికి మొన్న "రేవుకు వెళ్ళు బస్సు" అనబోయి, "రేపు వెళ్ళు బస్సు" అనేసింది. రేవుకు పోవాల్సిన ప్రయాణికుల్లో సగం మంది, అయితే రేపే వద్దామని మూటలు సర్దుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు. మిగిలిన సగం మంది పైవాళ్ళకు ఫిర్యాదు చేశారు. పైనుంచి జవాబుగా ఒక పెట్టె దిగింది. అందులో ఎవరో అమ్మాయి గొంతు ముందే పట్టి ఉంచారు. మీట నొక్కితే చాలు, చిలకలా పలుకుతుంది. తడబడదు, చెమట పట్టదు, సెలవు అడగదు. ఈ రోజు పెద్దసారు వచ్చి మైకక్కనూ వింటాడు, పెట్టెనూ వింటాడు. పెట్టె నెగ్గితే మైకక్కను సామాన్లు భద్రపరిచే గదికి పంపిస్తారు. అక్కడ సంచులతో మాట్లాడాల్సిన పనేమీ ఉండదు.

ఆమె భయం ఉద్యోగం గురించి ఒక్కటే అయితే ఇంత నలిగిపోయేది కాదు. మతి పోతోందేమో, రేపు ఇంటి దారి కూడా మర్చిపోతానేమో అని ఆమె లోలోపల కుళ్ళిపోతోంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అంటే నిజమైపోతుందేమోనని ఇంకో భయం.

ఇక అసలు కథ. మైకు కింద ఒక బటను ఉంది. అది నొక్కి పట్టుకున్నంతసేపే మైకు పనిచేస్తుంది, పక్కన ఎర్ర దీపం వెలుగుతుంది. వేళ్ళు పట్టేస్తున్నప్పటి నుంచి నొక్కి పట్టుకోవడం నరకమైపోయి, మైకక్క ఇంటి నుంచి వెల్లుల్లి దంచే బుల్లి రాతి రోకలి తెచ్చుకుంది. ప్రకటన ఉన్నప్పుడు దాన్ని బటను మీద నిలబెడుతుంది, అయిపోగానే తీసేస్తుంది. ఆ పొద్దున కూడా రోకలి నిలబెట్టి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. కొండపైకి వెళ్ళు బస్సు మరి కొద్దిసేపట్లో మూడవ నంబరు..."

మూడవ నంబరు ఏమిటి? అద్దంలోంచి అది కనపడుతూనే ఉంది. దాని మీద మనుషులు నిలబడి ఉన్నారు, సంచులు పెట్టుకుని ఉన్నారు, ఒకాయన దాని అంచున కూర్చుని బూట్ల తాడు కట్టుకుంటున్నాడు. దాని పేరు మాత్రం లేదు. ఆ కంగారుకు తోడు ఛాతీలోంచి సెగ మొదలైంది. ముఖం తుడుచుకున్న తువ్వాలు బల్ల మీదకు విసిరింది. అది పోయి పోయి ఎర్ర దీపం మీదా, రోకలి మీదా పడింది. ఫ్యాను ముఖానికి తిప్పుకుంటుండగానే ఫోను మోగింది. అక్క. రోకలి సంగతి, మూడవ నంబరు సంగతి, రెండూ ఒకేసారి ఆమె బుర్రలోంచి దిగిపోయాయి.

అక్క ప్రసూతి వార్డులో నర్సు. నాన్చుడు మాటలు ఆవిడకు పడవు.

"పొద్దున్నే మిస్డ్ కాల్ ఇచ్చావు, ఏంటి సంగతి?"

"అక్కా, అడగాలంటే ఎలాగో ఉంది..."

"ఎలాగో ఏం లేదు. వచ్చిందా, రాలేదా? అది చెప్పు ముందు."

"ఇంకా రాలేదక్కా."

ఇక్కడ ఒక చిన్న వ్యాకరణం పాఠం చెప్పుకోవాలి. మన ఆడవాళ్ళు ఈ విషయం మాట్లాడేటప్పుడు కర్తను ఇంట్లోనే వదిలేసి బయల్దేరతారు. వచ్చింది, రాలేదు, తప్పింది, ఆగింది అంటారే తప్ప, ఏది అన్నది చచ్చినా నోటి వెంట రాదు. తల్లి కూతురికి అలాగే నేర్పుతుంది, కూతురు దాని కూతురికి అలాగే నేర్పుతుంది. ఇన్నాళ్ళూ దానివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. ఆ రోజు కలిగింది. ఎందుకంటే మైకులో కర్త ఒకటి అప్పటికే తయారుగా నిలబడి ఉంది. కొండపైకి వెళ్ళు బస్సు! మైకక్క నోట్లోంచి ఊడిపడిన ప్రతి క్రియా నేరుగా వెళ్ళి ఆ బస్సెక్కి కూర్చుంది. అవతలి అక్క మాటలు చెవికి అదుముకున్న ఫోనులోనే ఉండిపోయాయి కాబట్టి బస్టాండు విన్నది సగం సంభాషణే. సగం నిజం ఎంత పని చేస్తుందో తెలిసిందే కదా.

"ఆఖరిసారి ఎప్పుడొచ్చింది?" అంది అక్క.

"వచ్చినట్టే వచ్చి వెళ్ళిపోయింది. ఎప్పుడొస్తుందో, ఎప్పుడు రాదో దానికే తెలీదు. ఒకప్పుడు దాన్ని చూసి గడియారం సరిచేసుకునేదాన్ని. ఇక పూర్తిగా ఆగిపోయినట్టేనా?"

"అంత తొందరెందుకే? ఏడాది పాటు వరసగా రాకపోతేనే ఆగినట్టు లెక్క."

"ఏడాదా! ఏడాది దాకా ఎదురుచూస్తూ కూర్చోవాలా?"

మూడవ నంబరు దగ్గర నిలబడ్డవాళ్ళు గుండెలు బాదుకున్నారని తర్వాత తెలిసింది. ఏడాది అన్న మాటకు ఒకావిడ పెళ్ళికని తీసుకెళ్తున్న పూలదండను చూసుకుని అక్కడికక్కడే కూలబడింది. మైకక్కకు అవేమీ తెలియవు. రెండు పొరల అద్దంలోంచి మనుషులు అటూ ఇటూ కదలడం కనపడింది. బస్టాండన్నాక మనుషులు కదలరా అనుకుంది.

"ఇంకేమిటి బాధ?"

"లోపల్నుంచి మంటలక్కా. ఒక్కసారిగా భగ్గుమంటుంది. కింద మొదలై పైదాకా పాకుతుంది. కాసేపుండి దానంతటదే చల్లారుతుంది. మళ్ళీ ఎప్పుడు అంటుకుంటుందో తెలీదు."

"అవును మరి, చాలామందికి ఉంటాయి. దానికి మందులున్నాయి. నీ ఒంటికి ఏది పడుతుందో డాక్టరమ్మ చూసి చెబుతుంది. ఇంకా?"

మైకక్క ఇక్కడ గొంతు తగ్గించింది. తగ్గించి, మైకు వైపు ఇంకాస్త వంగింది.

"ఇంకోటి ఉంది. సిగ్గుగా ఉంది చెప్పడానికి. కారుతోందక్కా."

"ఏది?"

"అదే. కొంచెమే అనుకో. తుమ్మినా, కుదుపొచ్చినా కారుతుంది. బండి పాతబడిపోయింది కదా, అన్నీ ఒకేసారి మొరాయిస్తున్నాయి."

ఏ ఊళ్ళోనైనా అన్నీ తెలిసినవాడు ఒకడుంటాడు. ఆ పూట బస్టాండులో ఆ పాత్ర ఒక రిటైరైన డ్రైవరుగారిది. ఆయన టీ గ్లాసు కింద పెట్టి లేచాడట. "పాత ఇంజన్లు తుమ్ముతాయి. తుమ్మిందంటే డీజిలు కారినట్టే. కారిన డీజిలుకి మంట తగిలిందంటే, ఇక నేను చెప్పను, మీరే ఊహించుకోండి" అన్నాడట. జనం ఊహించుకున్నారు. కొండ బస్సు ఇంకా బస్టాండుకు రానేలేదు గానీ, వచ్చి ఉన్న మిగతా బస్సుల్లోంచి కూడా దూకేశారు. కంట్రోలరు అగ్నిమాపక దళానికి ఫోను చేసి, మంటలెక్కడ అని వాళ్ళు అడిగితే "వస్తున్నాయి" అన్నాడు.

లోపల అక్క ఓపిగ్గా చెబుతోంది. "అది నీ ఒక్కదానికే అనుకుంటున్నావా? కింది కండరాలు వదులైతే అలాగే అవుతుంది. బిగించి వదిలే వ్యాయామం ఉంది, రోజూ చెయ్యాలి. నేను నేర్పుతాను. నిద్ర పడుతోందా?"

"ఎక్కడక్కా! నడిరాత్రి లేచి కూర్చుంటాను, బట్టలు పిండితే నీళ్ళొస్తాయి. మా ఆయన దుప్పటి కప్పుకుని వణుకుతుంటాడు, నేను ఫ్యాను పెంచుతుంటాను. ఊరికే కోపం. ఊరికే ఏడుపు. మొన్న గరిటె కింద పడిందని ఏడ్చాను."

సరిగ్గా ఈ మాట దగ్గర బస్టాండు రెండుగా చీలిపోయింది. మగవాళ్ళు పరిగెడుతూనే ఉన్నారు. ఆడవాళ్ళు ఆగిపోయారు. కాస్త వయసు మళ్ళిన వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ సంచి కింద పెట్టి దాని మీద కూర్చుంది. పక్కావిడా కూర్చుంది. చూస్తుండగానే మూడవ నంబరు నిండా ఆడవాళ్ళు లౌడుస్పీకరు వైపు ముఖాలెత్తి కూర్చున్నారు. చంటిపిల్ల ఏడవబోతే తల్లి నోరు మూసింది. అద్దంలోంచి ఈ దృశ్యం చూసి మైకక్క, ఏదో భజన బృందం కాబోలు అనుకుంది.

అప్పుడడిగింది ఆమె అసలు ప్రశ్న.

"అక్కా, నిజం చెప్పు. నాకు మతి పోతోందా?"

"ఏమిటే?"

"మాటలు పోతున్నాయి. ఇందాక మైకులో ఒక మాట రాలేదు. రోజుకి వందసార్లు అనే మాట. ఎదురుగా కనపడుతోంది, పేరు రాదు. నాకు ఈ గొంతు తప్ప ఇంకేముంది? మాటలే పోతే నేనెందుకు పనికొస్తాను? చాలా భయంగా ఉంది."

అక్క ఈసారి కసురుకోలేదు. "మతి పోవట్లేదే పిచ్చిదానా. ఈ వయసులో ఒంట్లో హార్మోన్లు ఎగుడుదిగుడవుతాయి, దానికి నిద్ర లేకపోవడం తోడు. మాట జారిపోవడం చాలామందికి ఉండేదే. నాకూ అయింది. ఇంజెక్షన్ అనే మాట మర్చిపోయి, ఆ పొడిచేది ఇవ్వండి అని అడిగాను డాక్టరుగారి ముందే. ఎక్కువమందికి కొన్నాళ్ళకు అదే సర్దుకుంటుంది. ఈ ఆదివారం వస్తాను, డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం. థైరాయిడ్ కూడా ఒకసారి చూపిద్దాం, ఏ అనుమానమూ మిగలకుండా."

"అంటే... తిరిగొస్తాయా?"

"రాక ఎక్కడికి పోతాయే?"

మైకక్క కళ్ళు తుడుచుకుంది. గుండెల మీద నుంచి రుబ్బురోలు దించినట్టయింది. సరిగ్గా అప్పుడే అద్దం అవతల కంట్రోలరు ప్రత్యక్షమయ్యాడు. తలుపు బాదుతున్నాడు, ఒక్క ముక్కా వినపడటం లేదు. చేతులు రెండూ ఊపి, ఒక చెయ్యి కిందికి నొక్కినట్టు చూపించి, తర్వాత మెడ మీద వేలితో గీసుకున్నాడు. బటను మీద నుంచి చెయ్యి తియ్యి, లేకపోతే మన పీకలు తెగుతాయని ఆయన భావం. పెద్దసారు వచ్చేశాడు, బటను నొక్కి మాట్లాడు, లేకపోతే నీ పీక తెగుతుందని ఆమె అర్థం చేసుకుంది. వస్తున్నా అన్నట్టు తల ఊపి, అక్కకు ఉంటానని చెప్పి, ఫోను పెట్టేసి, తువ్వాలు తీసింది.

ఎర్ర దీపం నిబ్బరంగా వెలుగుతోంది. రోకలి తన కర్తవ్యం తాను చేస్తోంది.

ఆమె రోకలి వైపు చూసింది. అద్దంలోంచి లౌడుస్పీకరు వైపు చూసింది. దాని కింద కూర్చుని తననే చూస్తున్న ఆడవాళ్ళను చూసింది. భూమి చీలితే బాగుండుననుకుంది గానీ, ఆ గది నేల కాంక్రీటుది.

రోకలి తీసి, తలుపు గడియ తీసేసరికి బయటి రొదంతా ఒక్కసారిగా మీద పడింది. ఈలోగా ఒక్క నిమిషమైనా వృథా చేయకూడదని కంట్రోలరు తన గదిలోని పెట్టెను లౌడుస్పీకర్లకు తగిలించి మీట నొక్కి వచ్చాడు. అది తియ్యగా పలుకుతోంది. "కొండపైకి వెళ్ళు బస్సు మూడవ నంబరు ప్లాట్‌ఫారంపై సిద్ధముగా ఉన్నది. ప్రయాణికులు త్వరగా ఎక్కవలసినదిగా కోరుచున్నాము. మీ ప్రయాణం సుఖప్రదమగుగాక."

మూడవ నంబరులో ఆ సమయానికి ఉన్నది అగ్నిమాపక శకటం. మైకు మాట మీద అపారమైన నమ్మకమున్న ఒక ముసలాయన సంచి చంకన పెట్టుకుని దాని నిచ్చెన సగం ఎక్కేశాడు. ఇంతలో అసలు కొండ బస్సు, లోకంలో ఏం జరుగుతోందో ఎరగకుండా, గేటులోంచి లోపలికి వచ్చింది. అదిగో అదే అని పదిమంది అరిచారు. నీళ్ళ గొట్టం అటు తిరిగింది. డ్రైవరు కిటికీ వేసుకునేలోపే తడిసి ముద్దయ్యాడు. బస్సు వెనకాలే కారు దిగి, తలెత్తి హుందాగా నడిచి వస్తున్న పెద్దసారుకు కూడా తన వంతు అందింది.

పెద్దసారు ప్రకటనల గదిలోకి వచ్చేసరికి ఆయన చొక్కా కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి. తనిఖీ కాగితాలు చేతిలో అప్పడాల పిండిలా అయ్యాయి.

"బస్సుకి మంటలంటుకున్నాయని మైకులో చెప్పిందెవరు?"

"నేనే సార్," అంది మైకక్క. "బస్సుకని చెప్పలేదు సార్."

"మరి దేనికి?"

కంట్రోలరు దగ్గాడు. ఆయనకు అప్పటికి సంగతి సగం అర్థమైంది, మిగతా సగం అర్థం కాకుండా ఉంటే బాగుండునని చూస్తున్నాడు.

"సరే, దేనికైతే దానికి. ముందు మంటలు లేవని మైకులో చెప్పించండి. జనం రోడ్డు మీదకు పోతున్నారు," అన్నాడు పెద్దసారు.

"పెట్టెలో ఆ వాక్యం లేదు సార్," అన్నాడు కంట్రోలరు. "సుఖప్రదం ఒక్కటే ఉంది."

కంట్రోలరు పరిగెత్తి వెళ్ళి పెట్టెను లౌడుస్పీకర్ల నుంచి ఊడదీశాడు. మైకక్క కూర్చుని రోకలి పెట్టింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. మంటలు లేవు. అందరూ తిరిగి రావలసిందిగా..."

తెరిచి ఉన్న తలుపులోంచి రిటైరైన డ్రైవరుగారి గొంతు ఖంగున వినపడింది. "ఇందాక ఉన్నాయన్నావు కదమ్మా! కారుతోందన్నావు, ఆగిపోయిందన్నావు. ఏది నమ్మమంటావు?"

జనం అవునవును అన్నారు. ఒక్కరూ కదల్లేదు. మైకక్కకు అర్థమైపోయింది. ఉత్త క్రియలతో ఇక పని జరగదు. ఏది అన్నది చెప్పాల్సిందే. చెబితే, ఇంట్లో గోడలకు కూడా వినపడనివ్వని సంగతి తన నోటితో తానే ఊరంతా చాటినట్టవుతుంది. చెప్పకపోతే ఈ జనం బస్సెక్కరు, ఆ పెట్టె ఈ కుర్చీ ఎక్కుతుంది. ఒక్క క్షణం ఆమెకు ఏడుపొచ్చింది. మరుక్షణం చిర్రెత్తుకొచ్చింది. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవడమేమిటి?

"ప్రయాణికులకు విజ్ఞప్తి," అంది, ఇన్నేళ్ళుగా అందరికీ తెలిసిన గొంతుతో. "కొండపైకి వెళ్ళు బస్సు ఆగిపోలేదు. ఆగిపోయింది నా నెలసరి. మంటలు నా ఒంట్లో. కారేది కూడా బస్సులోంచి కాదు. నాకు నలభై తొమ్మిదేళ్ళు. ఈ వయసులో ఇవి మామూలేననీ, మందులున్నాయనీ, మతి ఏమీ పోదనీ నర్సుగా పనిచేసే మా అక్క చెప్పింది. దయచేసి అందరూ గమనించగలరు. కొండపైకి వెళ్ళు బస్సు మూడవ నంబరు ప్లాట్‌ఫారంలో ఉంది."

ప్లాట్‌ఫారం! పిలవకుండానే వచ్చి కూర్చుంది ఆ మాట. ఎక్కడికెళ్ళి వచ్చావే అని అడగాలనిపించింది ఆమెకు.

ముందుగా ఒక ముసలావిడ కిసుక్కున నవ్వింది. తర్వాత పక్కావిడ. చూస్తుండగానే మూడవ నంబరు మొత్తం పొట్టలు పట్టుకుని నవ్వింది. అది వెక్కిరింత కాదు. పెద్ద మూట దించుకున్నవాళ్ళ నవ్వు. మగవాళ్ళు అత్యంత శ్రద్ధగా తమ చెప్పులు చూసుకుంటూ బస్సెక్కారు. తడి సీట్ల గురించి ఒక్కరూ నోరెత్తలేదు. రిటైరైన డ్రైవరుగారు అందరికంటే ముందెక్కి కిటికీలోంచి అవతలి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన టిక్కెట్టు రేవుకు.

ఆడవాళ్ళు మాత్రం బస్సు దగ్గరికి కాకుండా అద్దాల గది దగ్గరికి వచ్చారు. వేళ్ళ నొప్పులు దీనివల్లేనా అని ఒకరు, నలభై ఆరుకే మొదలవుతుందా అని ఒకరు, మళ్ళీ నిద్ర పడుతుందా అని ఒకరు. కొండ బస్సు మెట్టు మీద నుంచి దిగొచ్చిన ఒక పెద్దావిడ అందరూ అడిగేదాకా ఆగి, మైకక్క చెవి దగ్గరికి వంగింది.

"నాకు ఆగిపోయి చాన్నాళ్ళయింది తల్లీ. పోయినవారం మళ్ళీ కనపడింది. తిరిగి వయసొచ్చిందని మా చెల్లెలు ఎగతాళి చేసింది. ఇది కూడా మామూలేనా?"

మైకక్క నవ్వడం ఆపింది. మెనోపాజ్ అయ్యాక మళ్ళీ కనపడితే ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యకూడదని అక్క తమ వార్డు కబుర్లలో ఎన్నోసార్లు అనగా విన్నది. "ఇది మామూలు కాదమ్మా. భయపడొద్దు గానీ ఈ రోజే చూపించుకోవాలి. ఆసుపత్రి వైపు వెళ్ళే బస్సు ఇప్పుడే కదులుతుంది, రండి" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఎక్కించింది. డ్రైవరుతో ఆసుపత్రి గేటు ముందే ఆపమని చెప్పి, అక్క ఉండే వార్డు ఎక్కడో ఆవిడకు చెప్పి, మరీ తిరిగొచ్చింది.

గదిలో పెద్దసారు ఒక్కడే ఉన్నాడు. ఫ్యాను కింద చొక్కా ఆరబెట్టుకుంటున్నాడు. సామాన్ల గది తాళాలు ఎవరి దగ్గరుంటాయో అడుగుదామని నోరు తెరిచింది మైకక్క. ఆయన లేచి వెళ్ళి తలుపు వేశాడు. రోకలి బటను మీద లేదని రెండుసార్లు చూసుకున్నాడు.

"అమ్మా, మా ఇంట్లో ఏడాదిగా మా ఆవిడ కిటికీలన్నీ తెరుస్తుంది. నేను వెనకాలే మూసుకుంటూ వస్తాను. ఏమైంది అంటే ఏమీ లేదంటుంది. చిన్నదానికీ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. నా మీద మనసు విరిగిందనుకున్నాను." ఆయన చొక్కా కొస పిండుకున్నాడు. "ఏడాదిగా అదే అనుకుంటున్నాను. మీ అక్కగారి నంబరు కాస్త ఇస్తారా?"

మైకక్క నంబరు చెప్పింది. ఆయన తడి కాగితం మీద రాసుకోబోతే కలం దిగబడింది. చివరికి అరచేతిలో రాసుకున్నాడు.

"మరి నా సంగతి సార్?" అంది ఆమె. "మాట అప్పుడప్పుడూ జారుతుంది. అబద్ధం చెప్పను. ఇంకొన్నాళ్ళు జారుతుంది."

"జారితే ఏం చేస్తారు?"

"ఆగి, గుర్తుతెచ్చుకుని చెబుతాను. బస్సు కోసం అంతంతసేపు ఆగే జనం, ఒక మాట కోసం ఆగలేరా సార్?"

పెద్దసారు ఆలోచించాడు. అద్దంలోంచి నీళ్ళోడుతూ కొండ బస్సు కదలడం కనపడింది. కిటకిటలాడుతోంది. ఆయన తలుపు తీశాడు. పక్క గదిలోంచి పెట్టె ఇంకా ఎవరికో సుఖప్రదం చెబుతూనే ఉంది. ఆయన కంట్రోలరును పిలిచాడు. "ఆ పెట్టెను సామాన్ల గదిలో పెట్టండి. ఈమె మైకుకు చేత్తో నొక్కే బటను తీసేసి, కుట్టుమిషనుకు ఉంటుందే, అలా కాలితో నొక్కేది పెట్టించండి" అన్నాడు. మైకక్క థాంక్సన్నా చెప్పలేకపోయింది. ఈసారి మాట మర్చిపోయి కాదు.

సాయంత్రం డ్యూటీ దిగి నడుస్తుంటే అక్క మళ్ళీ ఫోను చేసింది. పొద్దున అంత హడావిడిగా పెట్టేశావేమని తిట్టి, మీ బస్టాండు నుంచి ఎవరో పెద్దావిడ వచ్చిందనీ, డాక్టరమ్మ చూసి సమయానికి వచ్చారని అందనీ, మిగతా పరీక్షలు రేపు చేస్తారనీ చెప్పింది. తర్వాత నర్సు గొంతు వదిలి అక్క గొంతులోకి దిగింది.

"చూడు, ఇన్నాళ్ళూ లోపలే పెట్టుకుని కుళ్ళిపోయావు. ఇలాంటివి దాచుకోకూడదే. సిగ్గుపడకుండా కనీసం ఇంకొక్కరికైనా చెప్పు."

"చెప్పానక్కా," అంది మైకక్క.